తాళం లేని ఎక్స్-01 గారికి

మహారాజశ్రీ ఎక్స్-01 పవర్ ఆర్మర్ గారికి,

తమకు పెట్టుబడిదారుడూ, మెకానిక్కూ, మొన్న ఆదివారం నుంచి దొంగా కూడా అయిన నేను నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే తమ ఎడమ కాలు ఊడి ఉంది. ఆ సంగతికి వస్తాను.

తమరు ఫాలౌట్ 4 అనే వీడియోగేమ్‌లో, అణుయుద్ధం తర్వాతి ప్రపంచంలో, మనిషి లోపలికెక్కి తొడుక్కునే యంత్ర కవచం. తమ కోసం పడ్డ పాట్లు అది ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాంకార్డ్ ఊళ్ళో మ్యూజియం మేడ మీద దొరికిన టి-45 అనే కవచం తొడుక్కుని, మినీగన్ పట్టుకుని డెత్‌క్లా అనే గోళ్ళ రాక్షసి మీదికి దూకిన రోజున, ఇంతకు మించి ఇంకేం కావాలి అనుకున్నాం. తర్వాత టి-51 బాగుంటుందన్నారు, టి-60 ఇంకా బాగుంటుందన్నారు. ఆ తర్వాతగానీ తమ పేరు వినపడలేదు. సరే అని 35 కోర్ట్ అనే మేడ ఎక్కితే అక్కడ రెండు కాపలా రోబోలు: ఒక అసాల్ట్రాన్, ఒక సెంట్రీ బాట్. మొదటిది మొహంలోంచి లేజర్ కక్కుతుంది. రెండోది చచ్చాక కూడా ఊరుకోకుండా పేలి, పక్కనున్నవాణ్ణి తీసుకుపోతుంది. రెండింటినీ పడగొట్టి, అటొకటి ఇటొకటి ఉన్న బటన్లు నొక్కాక తమ తలుపు తెరుచుకుంది. ఎంత గౌరవంగా అనిపించిందో! ఇంత కాపలా ఉన్న వస్తువు నాదైంది కదా అని మురిసిపోయాను.

ఆ కాపలా అంతా నా కోసమేనని ఆదివారం తెలిసింది. వేరేవాళ్ళెవరికీ అడ్డు లేదు.

నేను కట్టుకున్న ఊరు శాంక్చురీలో ఉన్నాం. రైఫిల్‌కి స్కోప్ మార్చాలి. తమను తొడుక్కుని వర్క్‌బెంచ్ ముట్టుకోకూడదని తమ రూలే కాబట్టి దిగాను. వీపు వెనక చక్రం తిరిగింది, తలుపు తెరుచుకుంది, నేను బయటపడ్డాను, తమరు అక్కడే నిలబడ్డారు. అంతలో రైడర్లు, అంటే దోపిడీగాళ్ళు, వచ్చారు. పరుగెత్తుకొచ్చి చూస్తే తమరు లేరు! టాటో (టమాటా, బంగాళాదుంప కలిసిన పంట) మొక్కలకి కాపలా పెట్టిన మనిషి, పొద్దున్నే మంచం లేదని నా మీద సణిగినవాడు, తమ లోపలికెక్కి, పైపు గన్నుతో, జెట్‌ప్యాక్ వీపున వేసుకుని రైడర్ల మధ్యలోకి నడుచుకుంటూ పోతున్నాడు. గ్రెనేడ్ కనపడితే పక్కకి కూడా తప్పుకోడు. ఎందుకు తప్పుకుంటాడు, కాలు వాడిది కాదుగా.

రైడర్లు చచ్చారు. గొడవ అయిపోయింది. వాడు దిగలేదు. సాయంత్రం దాకా టాటో మడి పక్కనే తమతో సహా నిలబడి గాలి పీల్చుకున్నాడు. పలకరిస్తే వ్యవసాయం సంగతులు చెబుతాడు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ ఆట జరిగే కామన్‌వెల్త్ ప్రాంతంలో దేనికి తాళం లేదు? పాడుబడ్డ ఇంట్లో బీరువాకి తాళం. తూటాల పెట్టెకి తాళం. పది క్యాప్‌లూ (ఇక్కడ సీసా మూతలే డబ్బు) ఒక సిగరెట్ పెట్టే ఉన్న సేఫ్‌కి మాస్టర్ లెవెల్ తాళం. బాబీ పిన్నులు విరిగిపోయి, చెమటలు పట్టి తెరిస్తే లోపల ఒక చెంచా ఉంటుంది. ఎవడో గుమాస్తా రాసుకున్న డైరీకి కూడా పాస్‌వర్డ్ ఉంది! ఇంత ఖరీదైనది, ఇంత బరువైనది, సైన్యం కోసం చేసినది, నీకు మాత్రం ఒక గొళ్ళెం కూడా పెట్టలేదే! వెనకనుంచి ఎవడొచ్చి మీట తిప్పినా వీపు బార్లా తెరిచేస్తావా? నేనెవణ్ణో, టాటోలవాడెవడో తెలియదా నీకు?

దిగినప్పుడల్లా నిన్ను నడిపే బ్యాటరీ, అదే ఫ్యూజన్ కోర్, పీకి జేబులో వేసుకోవాలని సలహా చెబుతారు. ఎందుకు పీకాలి? అది నా తప్పని ఎంతమంది చెప్పినా ఒప్పుకోను.

సరే, వాణ్ణి దించాలి. మర్యాదగా దిగమని అడిగే వీలు లేదు. మిగిలింది ఒకటే దారి, వాడి వీపునున్న కోర్ కొట్టెయ్యడం. నా ఊళ్ళో, నేను కట్టిన గోడ వెనక, నేను వేయించిన మడిలో వంగి, నా మనిషి జేబులోంచి నా కోర్ దొంగిలించడానికి ఎంత శాతం అవకాశముందో తెర మీద చూసుకోవడం! దొరికితే, నేను నీళ్ళూ కరెంటూ ఇచ్చిన జనమే నా మీద తుపాకులెత్తడం. సేవ్, లోడ్. సేవ్, లోడ్. మధ్యాహ్నమంతా అదే పని. ఆఖరికి కోర్ చేతికొచ్చింది, వాడు దిగాడు. దిగి, ఏమీ జరగనట్టు మళ్ళీ మంచం అడిగాడు.

ఇక ఆ కాలుకి అల్యూమినియం కావాలి. అంటే ఆసుపత్రి శిథిలాల్లో దయ్యాల్లాంటి గూల్స్ మధ్య ఆపరేషన్ ట్రేలు ఏరుకోవాలి. ప్రపంచం అంతమయ్యాక హీరో చేసే పని ఇది.

కోర్‌ల గురించి కూడా చెప్పనీ. బాంబులు పడింది 2077 అక్టోబరు 23న. మేం భూగర్భ వాల్ట్‌లోంచి బయటికొచ్చింది 2287లో. కాంకార్డ్ మ్యూజియం కింద జనరేటర్‌లో రెండొందల పదేళ్ళు కూర్చున్న కోర్, నీలో పెట్టుకుని రెండు వీధులు పరుగెత్తేసరికి నీరసించిపోతుంది. నా పక్కన నడిచే సహచరుడికి తొడిగితే మాత్రం అస్సలు అయిపోదు! నీకు నేనంటే ప్రత్యేకించి ఏదో ఉంది. ఇంకా నువ్వెప్పటివాడివో కూడా తేల్చుకోలేదు: లోడింగ్ స్క్రీన్‌లో యుద్ధం తర్వాత తయారయ్యావంటారు, న్యూకా వరల్డ్ అనే వినోద పార్కులో యుద్ధానికి ముందునుంచే అద్దాల పెట్టెలో నిలబడి ఉన్నావు. అక్కడ నిన్ను విడిపించడానికి స్టార్ కోర్‌లనే పరికరాలు 35 అడుగుతారు. చూశావా, అక్కడ తాళం వేసుకోవడం వచ్చు నీకు.

ఇవన్నీ రాసి నిన్ను అమ్మేసుకునేవాణ్ణే. కానీ ట్రినిటీ టవర్ అనే ఎత్తైన మేడ మీదనుంచి లిఫ్ట్ ఎందుకులే అని దూకాను. అంత ఎత్తునుంచి రోడ్డు మీద దబ్బున పడితే హెల్త్ బార్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గ్లోయింగ్ సీ అనే అణుధార్మిక బీడులో వర్జిల్ అనే శాస్త్రవేత్తని వెతుక్కుంటూ పోయినప్పుడు, రేడియేషన్ కొలిచే గైగర్ చప్పుడు ఆగని ఆ పచ్చటి తుఫానులో, నీ లోపల నా ఊపిరి నాకు మామూలుగా వినపడింది. అది టి-60లో ఉండదు. ఎవరేమన్నా ఉండదు.

అందుకని కాలు బాగుచేయిస్తాను. రంగు కూడా వేయిస్తాను. టాటోలవాడికి మంచం వేశాను, ఇక వాడికి వంక లేదు. కోర్ మాత్రం పీకను. నాకూ పంతం ఉంది.

ఇట్లు,
తమ వీపు తలుపుకి శాశ్వత వాచ్‌మన్