ఊకకు ధర వచ్చాకే ఆవిరికి లెక్క

మిర్యాలగూడలో ఓ పారాబాయిల్డ్ రైస్ మిల్లు, అంటే వడ్లను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి బియ్యం ఆడే మిల్లు. ఆఫీసు బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఇనుప గొట్టం ముక్క పెట్టారు. బాయిలర్ రిపేరులో కోసి తీసిన ట్యూబు అది. లోపల రూపాయి బిళ్ల మందాన తెల్లటి గార. నల్గొండ బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలా?

బాయిలర్ సామాను అమ్మేవాళ్లు ఇప్పుడు మన మిల్లుల చుట్టూ తిరగడానికి కారణం ఊక. ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు అదే, బాయిలర్‌లో కాల్చేదీ అదే. దిబ్బలు పోసి తగలబెట్టిన రోజుల్లో ఆవిరి ఎంత పోయినా అడిగినవాడు లేడు. ఇప్పుడు ఊకకు కొనేవాళ్లున్నారు, మిగిలిన ప్రతి బస్తా డబ్బే. అందుకే పొగతో పోయే వేడిని పట్టి నీళ్లు కాచే ఎకనమైజర్ గురించి ఓనర్లు ఆరా తీస్తున్నారు. బాయిలర్‌లోకి వెళ్లే నీళ్ల వేడి 6 డిగ్రీలు పెరిగితే సుమారు 1 శాతం ఇంధనం మిగులుతుంది.

కొనొద్దని అనను. నా పేచీ కొనే వరుస మీదే. వడ్లు ఉడికించేటప్పుడు ఆవిరి ధాన్యంలోకే పోతుంది, తిరిగి రాదు. డ్రయ్యర్‌లో అలా కాదు. ఆవిరి గొట్టాల్లోనే ఉండి, బయటి గాలికి వేడినిచ్చి నీరవుతుంది. పొగలు కక్కే నీరు, పైగా సున్నం లేనిది. దాన్ని ట్యాంకుకు మళ్లించడానికి పైపు, పంపు చాలు. అయినా కాల్వలోకి వదిలేసి, మళ్లీ బోరు నీళ్లు ఎక్కించే మిల్లులు చూశాను.

బోరు నీళ్లలోని సున్నాన్ని తీసే సాఫ్ట్‌నర్ కథా అంతే. సున్నాన్ని పట్టే దానిలోని రెసిన్ గుళికలను వేళకు ఉప్పు నీళ్లతో కడగకపోతే అది ఉన్నా లేనట్టే. ట్యూబులో 1 మిల్లీమీటరు గార పట్టిందంటే 5 నుంచి 8 శాతం ఇంధనం అదనంగా కాలుతుందని అంచనా. ఉప్పు బస్తా దగ్గర పొదుపు చేసి ఊక తగలేయడమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పనిది ఇంకోటుంది. ఊక బూడిదలో ఎక్కువ పాలు సిలికా, అంటే దాదాపు ఇసుకే. పొగతోపాటు వచ్చి ఎకనమైజర్ ట్యూబులను గరుకు కాగితంలా అరగదీస్తుంది. కాగితం మీద రాయించుకోకపోతే ఆ అరుగుదల ఖర్చు ఓనరుదే.

కాబట్టి కొటేషన్ అడిగే రోజే బోరు నీళ్ల రిపోర్టు సేల్స్‌మన్ చేతిలో పెట్టాలి. నీళ్లలో ఎంత హార్డ్‌నెస్ (సున్నం పాలు) వరకు గ్యారంటీ ఇస్తారో, అరిగిన ట్యూబులు ఎవరు మారుస్తారో, మార్చే మనిషి మిర్యాలగూడకు ఎన్ని గంటల్లో వస్తాడో కాగితం మీద రాయించుకోవాలి.