ఫ్రయ్యెడ్ రైస్ ఎవరూ తినరు

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లకు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. ఈ వారం ముగ్గురు ఒకే వాట్సాప్ ఫార్వర్డ్ తెచ్చి చూపించారు. అందులో ఉన్నది ఇది: ఇంగ్లిష్‌లో భూతకాల క్రియ చివర ఈ, డీ ఉంటే ఎప్పుడైనా 'ఎడ్' అని విడిగా పలకాలి. 'ట్' అనడం అమెరికా ఫ్యాషన్. ఎడ్ మింగేస్తే అది జరిగిపోయిన పని అని ఎదుటివాళ్ళకు తెలియదు. అయినా ఆ పొట్టి పలుకు తెలుగు నోటికి పట్టుబడదు. ఈ నాలుగూ తప్పే. మూడోదానిలో మాత్రం ఆవగింజంత నిజం ఉంది.

"ఎప్పుడైనా ఎడ్" అన్న మాట పట్టుకుని ఏదైనా ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర కాసేపు నిలబడండి. ఫ్రైడ్ రైస్ అనేవాళ్ళే గానీ 'ఫ్రయ్యెడ్ రైస్' అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బాయిల్డ్ ఎగ్, గ్రిల్డ్ చికెన్ కూడా అంతే. అదే నోరు రోస్టెడ్ కాజూ దగ్గరికి వచ్చేసరికి 'టెడ్' అని విడదీస్తుంది. ఎవరూ నేర్పలేదు. చెవిన పడి వచ్చిన మాటలు సరిగానే వచ్చాయి, కాగితం మీద చూసి నేర్చుకున్నవే చెడ్డాయి: వర్కెడ్, వాచెడ్, లాఫెడ్.

చూడాల్సింది క్రియ చివరి అక్షరం కాదు, చివరి ధ్వని. బడిలో సంధులు చదివినవాళ్ళకు పరుషాలు, సరళాలు గుర్తుండే ఉంటాయి: క చ ట త ప ఒక జట్టు, గ జ డ ద బ ఇంకో జట్టు. గొంతు మీద వేలు పెట్టుకుని 'స్' సాగదీయండి, వేలికి ఏమీ తగలదు. జీరోలోని 'జ్' సాగదీయండి, గొంతు అదురుతుంది. అదురు లేని ధ్వని తర్వాత ట్: వర్క్‌ట్, హెల్ప్‌ట్, వాష్‌ట్. అదిరేదాని తర్వాత డ్: కాల్‌డ్, ప్లాన్‌డ్, ప్లేడ్. అచ్చులన్నీ అదిరేవే. క్రియ చివర అప్పటికే ట్ గానీ డ్ గానీ ఉంటే, ఇంకొకటి చేర్చినా వినపడదు కాబట్టి మధ్యలో ఒక పొట్టి ఇకారం: వాంటిడ్, నీడిడ్.

స్పెల్లింగ్‌ని నమ్ముకుంటే మునుగుతాం. లాఫ్ చివర రాసేది జీ, హెచ్. వినిపించేది ఫ్, అందుకే లాఫ్ట్. క్లోజ్, ఇంక్రీస్ రెండూ రాతలో ఎస్, ఈ తోనే ముగుస్తాయి. పలుకులో ఒకటి క్లోజ్‌డ్, ఇంకొకటి ఇంక్రీస్ట్. మనం రోజూ అనే "హైదరాబాద్ బేస్డ్ కంపెనీ" కూడా నిజానికి బేస్ట్.

నిన్న మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి తన రెజ్యూమె చదివింది: "డెవలపెడ్, డిప్లాయెడ్ అండ్ టెస్టెడ్." మూడు రకాలూ ఒకే వాక్యంలో దొరికాయి! పెన్సిల్‌తో పైన డెవలప్ట్, డిప్లాయ్‌డ్, టెస్టిడ్ అని రాసిచ్చాను. రెండుసార్లు చదివి, "సార్, ట్ దగ్గర ఆగిపోతున్నా" అంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ట్‌ని దానికి అతికించమన్నాను: వర్క్-టాన్ జావా. మూడోసారికి ఆగలేదు.

ఇక అమెరికా ఫ్యాషన్. బర్న్, లర్న్, డ్రీమ్ లాంటి వాటికి బ్రిటన్‌లో చాలామంది ఏకంగా టీ పెట్టి రాస్తారు, అమెరికావాళ్ళే ఎక్కువగా ఈడీ రాస్తారు. ఒకప్పుడు, అంటే 14వ శతాబ్దంలో, ఇంగ్లిష్‌వాళ్ళు ఈడీలోని అచ్చును పలికేవారు. తర్వాత అది మెల్లగా జారిపోయింది. డిస్టర్బ్‌డ్ లాంటి మాటల్లో అచ్చు మింగేస్తున్నారని లండన్‌లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ విసుక్కున్నది 1712లో. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1776లో. పాత పలుకు కొన్ని విశేషణాల్లో మిగిలింది: వికిడ్, నేకిడ్. హైకోర్టులో వకీలు ఎదుటి వకీలును "లర్నిడ్ ఫ్రెండ్" అనడం సరైనదే. కానీ "ఐ లర్నిడ్ డ్రైవింగ్" అంటే తప్పు.

ఆవగింజంత నిజం ఎక్కడంటే, తర్వాతి మాట హల్లుతో మొదలైతే ఆ ట్ నిజంగానే సన్నబడుతుంది. "వర్క్‌ట్ విత్" గబగబా అంటే సగం వినపడదు. అప్పుడు కాలం చెప్పేది పక్కనున్న యెస్టర్‌డే, లాస్ట్ ఇయర్. ఊహించాను అనే గెస్ట్, అతిథి అనే గెస్ట్ పలుకులో ఒక్కటే. అయినా ఎవరూ పొరబడరు.

తెలుగు నోటికి పట్టుబడదన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. మనకున్న చిక్కు వేరు. బస్సు, కారు, లైటు అన్న అలవాటుకొద్దీ వర్క్‌టు అని చివర ఉకారం తగిలిస్తాం, అది కాస్త చూసుకోవాలి. అచ్చు మింగడం మాత్రం మనకెవరూ నేర్పక్కర్లేదు. ఫార్వర్డ్ రాసినాయన ఇంట్లో పిల్లాడు జారితే "పడినాడు" అంటాడా? పడ్డాడు అంటాడు, తెలంగాణవాడైతే పడ్డడు అంటాడు. తినినాడు తిన్నాడు అయింది. ఇంగ్లిష్‌వాళ్ళు చేసిందీ ఇదే పని. కాకపోతే మనం మారిన మాటనే రాసుకుంటున్నాం, వాళ్ళు ఇంకా "తినినాడు" అని రాసి "తిన్నాడు" అని చదువుతున్నారు.