సవరణ: ప్రింటుకి 300 డీపీఐ అన్న మాట గురించి

డిజైన్ పదాల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "ప్రింటుకి 300 డీపీఐ ఉండాలి" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు (డిజిటల్ బొమ్మలోని చిన్న చిన్న రంగు గళ్లు) ఉండాలి. డీపీఐ (డాట్స్ పర్ ఇంచ్) అనేది ప్రింటర్ అంగుళానికి వేసే ఇంకు చుక్కల లెక్క. ఒక్క పిక్సెల్ రంగు రావడానికే ప్రింటర్ చాలా చుక్కలు వేస్తుంది.

5×7 అంగుళాల శుభలేఖకి, కటింగ్ కోసం వదిలే అంచు కాక, 1500×2100 పిక్సెళ్లు కావాలి. ఇన్‌స్టాగ్రామ్ కోసం చేసిన 1080 పిక్సెళ్ల బొమ్మ 3.6 అంగుళాలకే సరిపోతుంది.

చాలామంది ఫోటోషాప్‌లో రిజల్యూషన్ దగ్గర 72 తీసేసి 300 కొడతారు. అక్కడ రీశాంపుల్ (పిక్సెళ్ల సంఖ్య మార్చే ఆప్షన్) టిక్కు తీసేసి ఉంటే ఒక్క పిక్సెలూ పెరగదు, ప్రింటు సైజు తగ్గుతుంది, అంతే. టిక్కు ఉంటే చుట్టుపక్కల రంగుల్ని బట్టి కొత్త పిక్సెళ్లు పుట్టిస్తుంది. కానీ వాట్సాప్‌లో నలిగొచ్చిన పెళ్లి ఫోటోలో పోయిన నగల నగిషీ మాత్రం తిరిగి రాదు. దయచేసి ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపమని మొదటే అడగండి.

దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్సీకి ఈ 300 అక్కర్లేదు, పూర్తి సైజులో 72 నుంచి 100 చాలు. వెక్టర్‌గా (పిక్సెళ్లతో కాకుండా గీతల లెక్కలతో) ఉంచిన అక్షరాలకి, లోగోలకి అసలీ లెక్కే వర్తించదు.