ఆవుగారి పనిముట్లు, పాఠకుల హక్కులు

నిత్యావసర వస్తువుల జాబితాలో బియ్యం, కందిపప్పు, వంటనూనె ఉన్నాయి గానీ అర్థం కాని కార్టూన్ లేదు. ఈ లోపాన్ని సంబంధిత అధికారుల దృష్టికి తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం. విషయం తీవ్రమైనది కాబట్టి పాఠకులు నవ్వకుండా చదవాలని మనవి.

మన పత్రికల్లో పాకెట్ కార్టూన్‌కి ఏనాడూ లోటు లేదు. మొదటి పేజీలో ఓ మూల చిన్న గడి, అందులో ఓ నాయకుడు, పక్కన చంకలో ఫైలుతో ఓ అనుచరుడు, పైన ఓ మాట. చూడగానే అర్థమవుతుంది. నవ్వొస్తుంది కూడా. గీసేవాళ్లలో మహానుభావులున్నారు, వాళ్లకి చేతులెత్తి దండం. కానీ వచ్చిన చిక్కు అక్కడే ఉంది. అర్థమైపోయిన దాని గురించి మనుషులు మాట్లాడుకోరు. పక్కవాడికి చూపించి "చూశారా?" అంటే "పొద్దున్నే చూశానండి" అంటాడు. సంభాషణ అక్కడితో సరి. మిగతా టీ అంతా మౌనంగా తాగాలి. ఇది దేశానికి మంచిది కాదు.

ఈ విషయంలో అమెరికా మనకంటే ఎప్పుడో ముందుకెళ్లింది. అక్కడ 1980 కొత్త సంవత్సరం వేళకి శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో 'ది ఫార్ సైడ్' అనే కార్టూన్ మొదలైంది. రోజుకో ఒంటి గడి. గీసినాయన గ్యారీ లార్సన్. అందులో ఆవులు రెండు కాళ్ల మీద నిలబడతాయి, పాములు కుటుంబ సమేతంగా బల్ల దగ్గర భోంచేస్తాయి, ఆదిమానవులు ఉపన్యాసాలిస్తారు, శాస్త్రవేత్తలు పిల్లచేష్టలు చేస్తారు. రోజూ వచ్చే పాత్రలంటూ లేవు, నడిచే కథ లేదు. ఈ రోజుది అర్థం కాకపోతే రేపటిది చూసి సరిపెట్టుకునే వీలు కూడా లేదు. అంతకుముందు సియాటిల్ టైమ్స్ ఈయన బొమ్మల్ని చిన్నపిల్లల పదవినోదం పక్కన వేసేది. పిల్లల పజిల్ పక్కన అలాంటి బొమ్మలేమిటని తల్లిదండ్రులు గగ్గోలు పెడితే ఆపేసింది. పత్రికలో ఆ స్థలం కేటాయించినవారెవరో గానీ, వారి హాస్యం ముందు లార్సన్ హాస్యం ఎంత?

ఇక అసలు చరిత్ర 1982 అక్టోబర్ 28న జరిగింది. ఆ రోజు బొమ్మలో ఓ ఆవు రెండు కాళ్ల మీద నిలబడి మనవైపు చూస్తోంది. ముఖంలో గర్వం లేదు, సిగ్గూ లేదు. ముందు ఓ బల్ల. బల్ల మీద నాలుగు వస్తువులు. అందులో ఒకటి, బాగా కళ్లు చికిలిస్తే, రంపంలా ఉంది. మిగతా మూడూ బాడిసలు కావు, ఉలులు కావు, గూటాలు కావు. ఏదో చేయబోయి మధ్యలో మానేసిన వాలకం. వెనక పశువుల కొట్టం. కింద రెండే మాటలు: ఆవు పనిముట్లు.

అంతే. ఇంకేం లేదు.

దేశం ఒక్కసారిగా ఆగిపోయింది. పత్రికలకు ఉత్తరాలు, ఫోన్లు. రేడియోల్లో చర్చలు. నలభై మందికి పైగా డాక్టరేట్లున్నవాళ్లకి ఈ బొమ్మ చూపించానని, ఒక్కరికీ అర్థం కాలేదని ఒకాయన రాశాడు. ఇక్కడ మనం గమనించాల్సింది డాక్టరేట్ల సంగతి కాదు. ఒక మనిషి కార్టూన్ ముక్క పట్టుకుని అంతమంది దగ్గరికి తిరిగాడు. వాళ్లు పనులు మానుకుని చూశారు. మన ఊళ్లో ఎదురింటాయన కుశలం కనుక్కోవడానికి తీరికలేని రోజుల్లో, ఓ ఆవు ఇంత సామాజిక సేవ చేసింది.

చివరికి పాపం లార్సన్ భయపడిపోయి సంజాయిషీ రాసుకున్నాడు. పనిముట్లు చేసుకోవడమే మనిషి ప్రత్యేకత అని ఒకప్పుడు అనుకునేవారు కదా, మరి ఆవు చేసుకుంటే ఎలా ఉంటాయి? నాసిగా ఉంటాయి. ఇదీ జోకు. ఒక వస్తువుని రంపంలా గీయడంతో, మిగతావాటికీ ఏదో అర్థం ఉండి తీరాలని జనం పట్టుబట్టారని తరవాత వాపోయాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడట. తీరా చూస్తే ఈ గొడవ వల్లే ఆ కార్టూన్ పేరు నలుగురి నోళ్లలో పడింది.

నా అభిప్రాయంలో ఈ మొత్తం ఉదంతంలో జరిగిన ఏకైక నేరం ఆ సంజాయిషీ. మెదక్ సీమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చాడు. మహానుభావుడు, నిలబెట్టుకున్నాడు. కానీ దినపత్రిక కార్టూన్‌కి వ్యాఖ్యానం చెప్పేవారి ధర్మం పూర్తిగా వేరు. ఆధారం లేనిదే చెప్పాలి. అక్కర్లేనిదే చెప్పాలి. అదీ మూలకర్త వచ్చి అడ్డుపడకముందే చెప్పాలి.

ఈ ధర్మానికి భంగం రాకుండా కాపాడుతున్న ఓ టీ కొట్టు అమలాపురంలో మా వీధి చివర ఉంది. ఆ మధ్య ఈ ఆవు బొమ్మని ఫోన్‌లో పెట్టుకుని అక్కడికి వెళ్లాను. ప్రయోగం శాస్త్రీయంగా ఉండాలని కింది రెండు మాటలూ తెలుగులో చెప్పి నోరు కట్టేసుకున్నాను.

ముందు పాల వ్యాపారి ఫోన్ లాక్కున్నాడు. ఆవు అన్నాక తొలి హక్కు ఆయనదే. కాసేపు పరీక్షించి తీర్పు చెప్పాడు.

"ఇది మన ఒంగోలు జాతి కాదండి. మూపురం ఏది? ఆయ్, సీమావండి ఇది. దీనికి పాలివ్వడమే తప్ప పని చేతకాదు. అందుకే సామాన్లిలా తగలడ్డాయి."

"సామాన్లు చూడవయ్యా అంటే జాతి చూస్తావేంటి?" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు. "ఇదిగో, ఇది రంపం. ఒకటి తెలిసింది, మూడు తెలియనివి. తెలిసినదాన్ని బట్టి తెలియనివి రాబట్టాలి."

"ఆవుకి రంపమెందుకు మాస్టారూ?" అన్నాడు కరెంటు పనులు చేసే కుర్రాడు.

"పలుపు కోసుకోడానికిరా."

"కోసుకుని రోడ్డెక్కితే బందెలదొడ్డికి తోలేస్తారు కదండీ?"

"అందుకే ఈ రెండోది. బందెలదొడ్డి తాళంచెవి."

టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి వంగి చూశాడు. "తాళంచెవి అంత లావుంటదా మాస్టారూ?"

"గిట్టతో పట్టుకోవాలా, వద్దా?"

ఈ వాదనకి జవాబు లేకపోయింది. మాస్టారు ఆ పూట టీ డబ్బులు ఇవ్వకుండా లేచి వెళ్లిపోయారు, విజేతకి అది మామూలే. మర్నాడు కుర్రాడు నా ఫోన్ మీద టెస్టర్ ఆనించి "మూడోదాంట్లో కరెంటు లేదండీ, కొట్టేశాం" అని ప్రకటించాడు. పాల వ్యాపారి తన పాకలో విరిగిపోయిన ఓ పార కామ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, ఇది మా కర్రావు చేసిందండి, తీసుకెళ్లి అమెరికా పంపండి అన్నాడు. అది ఆవు చేసింది కాదని, మునిసిపాలిటీ వాళ్లు సరఫరా చేసిందని మాస్టారు తేల్చారు. నాసితనంలో తేడా ఉందట. ఆ రోజు పేపర్లో పెట్రోలు ధర మీద చక్కటి కార్టూన్ వచ్చింది. దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు.

ఒకరోజు ఉండబట్టలేక, బాబూ, గీసినాయన దీనికి వివరణ ఇచ్చాడు, ఇదీ సంగతి అని చెప్పాను. అందరూ నన్ను జాలిగా చూశారు.

"గీసినవాడికేం తెలుసండీ?" అన్నారు మాస్టారు.

కార్టూన్ పాఠకుల రాజ్యాంగానికి ఇంతకంటే మంచి పీఠిక నాకు ఎక్కడా కనబడలేదు. గీసినవాడి పని గీయడంతో తీరిపోయింది. ఆ తరవాత రోజూ ఆ గడి చుట్టూ చేరి ఒకరినొకరు ఏడిపించుకునే జనానిదే అసలు కార్టూన్. ఈ సూత్రాన్ని అమెరికా పాఠకులు ఎంత నిష్ఠగా పాటించారో చూడండి. లార్సన్ ఒకసారి ఓ మగదోమని గీశాడు. పని ముగించుకుని ఇంటికొచ్చి, సగం దేశానికి మలేరియా అంటించి వచ్చానని భార్యతో చెప్పుకుంటుంది. వెంటనే ఉత్తరాలొచ్చాయి: కుట్టేది ఆడదోమ, మగదోమ కుట్టదు, సవరించుకోగలరు అని. దోమకి ఇల్లుంది, సంసారముంది, చక్కగా మాట్లాడుతోంది, వీటి మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయిందని లార్సన్ ఆశ్చర్యపోయాడు. ఆయనెప్పుడూ మన అష్టావధానం చూసి ఉండడు. చూసి ఉంటే, అవధాని పద్యంలో తలమునకలై ఉన్నప్పుడు "తమరు మధ్యాహ్నం పులిహోర తిన్నారా?" అని అడగడానికే ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి, శాలువా కప్పి పంపుతామని తెలిసేది. అప్రస్తుత ప్రసంగికి సభలో కుర్చీ వేసిన జాతి మనది. ఆ కుర్చీ అవధానానికే పరిమితమైపోవడం, మన దినపత్రికల్లో దానికి చోటు లేకపోవడం విచారకరం.

పత్రికలవాళ్లు తలుచుకుంటే అది పెద్ద పనేం కాదు. ఒహాయోలో డేటన్ డైలీ న్యూస్ ఈ దిశగా చేసిన కృషి చిరస్మరణీయం. 1981 ఆగస్టులో ఒకరోజు వాళ్లు 'డెనిస్ ది మెనేస్' అనే మరో కార్టూన్ కింద రావాల్సిన మాటని ఫార్ సైడ్ కింద, ఫార్ సైడ్ మాటని డెనిస్ కింద అచ్చేశారు. ఫార్ సైడ్‌లో పాముల కుటుంబం భోజనానికి కూర్చుంది. పిల్లపాము "మళ్లీ హామ్‌స్టర్లేనా?" అని విసుక్కోవాలి. దానికి బదులు, పీనట్ బటర్ శాండ్‌విచ్ చేయడం నేర్చుకున్నాను కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఈపాటికి ఆకలితో చచ్చేవాళ్లం అంటోంది. అటు అల్లరి పిల్లాడు డెనిస్ తన తిండి చూసుకుని, మళ్లీ హామ్‌స్టర్లేనా అంటున్నాడు. హామ్‌స్టర్ అంటే ఎలక జాతి పెంపుడు జంతువు. అంటే ఆ ఇంట్లో అది తరచూ వండుతారన్నమాట.

రెండూ అసలుకంటే బాగున్నాయని లార్సనే ఒప్పుకున్నాడు, కాస్త సిగ్గుపడుతూ. ఓ రెండేళ్లకి అదే పత్రిక అదే పని మళ్లీ చేసింది. మొదటిది పొరపాటైతే రెండోది సంప్రదాయం.

కోపతాపాల సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే వ్యాసం ఏకపక్షమంటారు. 1987లో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ మీద లార్సన్ ఓ బొమ్మ వేశాడు. ఆడ చింపాంజీ తన మొగుడి ఒంటి మీద మనిషి వెంట్రుక చూసి, ఆవిడతో 'పరిశోధన' చేసొచ్చావా అని నిలదీస్తుంది. గుడాల్ పేరు మీదున్న సంస్థ వాళ్లు మండిపడి లాయర్ చేత ఉత్తరం రాయించారు. గుడాల్ మాత్రం ఊరు నుంచొచ్చి బొమ్మ చూసి నవ్వారు. పైగా తరవాత ఆయన పుస్తకానికి ముందుమాట కూడా రాశారు. ఎవరి మీద వేశారో వాళ్లకి నవ్వొచ్చి, వాళ్ల తరఫువాళ్లకి మనోభావాలు దెబ్బతినడం అమెరికాలోనూ ఉందని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. ఇక శాస్త్రవేత్తలైతే అభిమానం పట్టలేక, గుడ్లగూబల ఒంటి మీద ఉండే ఒక రకం పేనుకి లార్సన్ పేరు పెట్టారు. ఆయన దాన్ని గౌరవంగానే తీసుకున్నాడు. కొత్త రకం హంసకి తన పేరు పెడతామని ఎవరూ రారని తెలుసు కదా మరి. మనవైపు అభిమానులు కటౌట్‌కి పాలాభిషేకం చేస్తారు. పేనుకి పేరు పెట్టేంత లోతు ఇంకా రాలేదు.

కార్టూన్ 1995 జనవరి 1తో ఆగిపోయింది. బొమ్మలు పాతబడ్డాయని జనం అనేలోపే తప్పుకున్నాడాయన. ఆ ఆవు బల్ల మీది మూడు వస్తువుల విషయం మాత్రం మా వీధిలో ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

కాబట్టి పత్రికాధిపతులకు ఈ కింది విన్నపం తయారుచేశాను. వారానికి ఒక్కరోజు, ఎడిటర్‌కి కూడా అర్థం కాని కార్టూన్ ఒకటి వేయాలి. దానికి ఏ పరిస్థితుల్లోనూ వివరణ ఇవ్వకూడదు, కోర్టు అడిగినా సరే. నెలకోసారి కార్టూన్ కింది మాటనీ రాశిఫలాల్లో ఒక రాశినీ తారుమారు చేయాలి. నాయకుడి బొమ్మ కింద "ఈ వారం బంధువులతో విభేదాలు, ధననష్టం" అని ఉంటే ఎవరికి నష్టం? అటు వృషభరాశివారికి కూడా కాస్త వైవిధ్యం దొరుకుతుంది. ఉత్తరాలు రాసి తప్పులు పట్టే పాఠకులకి ఏటా ఓ శాలువా.

టీ కొట్టు దగ్గర సంతకాలు సేకరించాను. పాల వ్యాపారి చేశాడు, పనిలో పనిగా తన కర్రావు పేరూ చేర్చమన్నాడు. కుర్రాడు టెస్టర్‌తో ఓసారి తాకి చూసి చేశాడు. టీ కొట్టాయన బాకీ తీరిస్తే చేస్తానన్నాడు, తీర్చాను, చేశాడు. మాస్టారు మాత్రం కాగితం రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టేసి వెనక్కిచ్చారు. ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు, దీనికి నేనెలా సంతకం చేస్తానండీ అన్నారు.