సుద్దముక్క హమాలీ చేతికివ్వండి

మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో నూక శాతం పెరిగిందంటే తిట్లు పడేది ముందు వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ ఆపరేటర్‌కే. మంట సరిగ్గా చూసుకోలేదని నలుగురిలో నాలుగు మాటలంటే విచారణ ముగిసినట్టే. వారం తిరక్కుండా మళ్లీ అదే నూక, అవే తిట్లు.

ఇలాంటి సమస్యకు అసలు కారణం వెతకడానికి జపాన్ నిపుణుడు ఇషికావా చెప్పిన చేపముల్లు బొమ్మ ఇప్పుడు కొత్తదేం కాదు. తల దగ్గర సమస్య, ముళ్ల మీద మనిషి, మిషను, సరుకు, పద్ధతి. మన దగ్గర దాన్ని ఏసీ గదిలో గీసి, ప్రింట్ తీసి, ఆడిట్ ఫైల్లో పెడతారు. నా అభ్యంతరమంతా అక్కడే. జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లలో, అంటే పనిలో లోపాల్ని కలిసి సరిదిద్దుకునే చిన్న బృందాల్లో, ఈ బొమ్మ గీసింది మిషన్ల దగ్గర పనిచేసే కార్మికులు. మనం బొమ్మను తెచ్చుకున్నాం, కార్మికుణ్ని మాత్రం గేటు బయటే ఆపేశాం.

ఓ మిల్లులో దీన్ని గోడ మీద సుద్దతో గీయడం చూశాను. పొట్టు తీసే రబ్బరు రోళ్లు అరిగాయన్నాడు మేనేజర్. ఆపరేటర్ పక్క చూపులు చూశాడు. చివరికి ఓ హమాలీ గుప్పెడు వడ్లు తెచ్చి అరచేతిలో పరిచాడు. "సార్, ఇవి నిన్న కోసినయి, ఇవి నాలుగు రోజులు ఆరినయి. రెండూ ఒక్క కుప్పలనే పోయిస్తున్నరు." కొనుగోలు కేంద్రంలోనైతే తేమ 17 శాతం దాటకూడదు. హార్వెస్టర్ నుంచి నేరుగా మిల్లుకొచ్చే వడ్లకు ఆ పట్టింపు ఉండదు. పచ్చిగింజ ఆరేదాకా మంట పెడితే, ముందే ఆరిన గింజ పగులుతుంది. పగిలిన గింజ మరలో నూకే అవుతుంది. ఆ మాట బస్తా మోసేవాడికి తెలుసు. అంతకుముందు అతన్ని అడిగినవాళ్లే లేరు.

సీజన్‌లో లారీలు బారులు తీరితే బొమ్మలేసుకుంటూ కూర్చుంటామా అంటారు యజమానులు. టెన్షన్ నిజమే. కానీ సీజన్ పొడవునా నూక అమ్ముకుని పోగొట్టుకునే డబ్బు ముందు అరగంట ఎంత?

ఇది నూకతో ఆగే సంగతి కాదు. నల్లగొండకు నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. అలాంటి చోట నీటి ఊట పెరిగినా, రాయి వదులైనా ముందు కంటపడేది అక్కడ నిలబడ్డ కూలీకే. అతనికి మన భాష రాదు. మేస్త్రీకి చెబితే రేపు పని ఉంటుందో లేదో తెలియదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కట్టిన డ్యాముల దగ్గరా ఇదే భయంతో నోరు మూసుకున్నారు. ఈ జిల్లాలకు ఆ బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు మన ఊళ్లకొచ్చిన కూలీ చెప్పే మాట గోడ మీదికెక్కాలి, అతని భాషలోనే.