అమెరికా సివిల్ వార్ బానిసత్వం గురించి కాదంటున్న ఫార్వర్డ్‌కి నా జవాబు

వారం నుంచి మా అట్లాంటా తెలుగు గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. అమెరికా సివిల్ వార్ (బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాలు, అంటే సౌత్, దేశం నుంచి విడిపోవడంతో ఉత్తరాదితో, అంటే నార్త్‌తో, జరిగిన యుద్ధం) రాష్ట్రాల హక్కుల కోసం, అంటే కేంద్రం జోక్యం లేకుండా తమ చట్టాలు తామే చేసుకోవడం కోసం, టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) కోసం జరిగిందట, సౌత్‌లో బానిసలున్నది గుప్పెడు మందికేనట, బానిసల్ని విడిపించడం తన ఉద్దేశం కాదని అప్పటి ప్రెసిడెంట్ లింకనే రాశాడట. పిల్లలున్న గ్రూపులో కూడా ఇది పడేసరికి ఊరుకోలేక రాస్తున్నా.

ముందు రాష్ట్రాల హక్కుల సంగతి, అందరూ నమ్మేది ఇదే కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తా. 1850లో సౌత్ నాయకులు పట్టుబట్టి ఒక చట్టం చేయించుకున్నారు, పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో దొరికినా ఫెడరల్ అధికారులే పట్టుకుని ఓనర్‌కి అప్పగించాలి. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన గురించి తను సాక్ష్యం చెప్పుకునే వీల్లేదు. బానిసే అని తేలిస్తే, కేసు విని తేల్చే కమిషనర్‌కి 10 డాలర్ల ఫీజు, కాదని వదిలేస్తే 5. ఈ ఒక్క లెక్క చాలు కడుపు రగిలిపోవడానికి.

1854 మేలో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే కుర్రాడిని ఇలాగే పట్టుకున్నారు, వర్జీనియా నుంచి తప్పించుకొచ్చి ఒక బట్టల షాపులో పని చేసుకుంటున్నాడు పాపం. జనం కోర్టు తలుపు బద్దలుకొట్టి విడిపించబోయారు, కుదరలేదు. జూన్ 2న అతన్ని ఓడ దగ్గరికి నడిపించుకెళ్తుంటే చుట్టూ తుపాకులతో సైనికులు, వేలకి వేల మంది జనం, బిల్డింగులకి నల్లగుడ్డలు, వీధి మీద వేలాడదీసిన ఒక శవపేటిక. ఒక్క మనిషిని వెనక్కి పంపడానికి అంత హంగామా. మరి ఆ రోజు మసాచుసెట్స్ హక్కులు ఎక్కడికి పోయాయి? మరుసటి ఏడాది ఆ రాష్ట్రం తన అధికారులు ఈ పనికి సాయం చేయకూడదని సొంత చట్టం చేసుకుంటే దానికి కోపం వచ్చింది ఎవరికి, సౌత్‌కే. సౌత్ కరోలినా 1860 డిసెంబర్ 20న విడిపోయి నాలుగు రోజులకి కారణాలు రాసి బయటపెట్టింది, అందులో పెద్ద ఫిర్యాదే ఇది: ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని అప్పగించట్లేదు, న్యూయార్క్‌లో అయితే బానిసని వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్లనివ్వట్లేదు అని. అంటే అవతలి రాష్ట్రాలు తమ హక్కు వాడుకున్నాయనే వీళ్ల బాధ. మిసిసిపీ అయితే దాచుకోను కూడా లేదు, మా స్థితి అంతా బానిసత్వంతోనే పెనవేసుకుపోయి ఉంది అని మొదట్లోనే రాసింది.

టారిఫ్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. 1857లో టారిఫ్‌లు తగ్గించారు, సౌత్ వాళ్లు దానికి ఓటేశారు కూడా. పెంచిన మోరిల్ టారిఫ్ సెనేట్‌లో పాసైంది సౌత్ సెనేటర్లు చాలామంది లేచి వెళ్లిపోయాక, సంతకం పడింది 1861 మార్చి 2న, అప్పటికే ఏడు రాష్ట్రాలు బయటికి పోయాయి.

ఇక గుప్పెడు మంది ఓనర్లు అనే మాట. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 39.5 లక్షలు, ఓనర్లు సుమారు 4 లక్షలు, నిజమే. కానీ పట్టా నాన్న పేరు మీదుంటే పొలం నాన్న ఒక్కడే తింటాడా? కుటుంబాలుగా లెక్కేస్తే విడిపోయిన రాష్ట్రాల్లో ఇంచుమించు మూడో వంతు ఇళ్లు, మిసిసిపీలో దాదాపు సగం ఇళ్లు. సొంతంగా లేనివాళ్లు అద్దెకి తెచ్చుకునేవాళ్లు. దేశం ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే, ఆ పత్తి ఏరిన చేతులు ఎవరివో వేరే చెప్పాలా.

చివరిది లింకన్ ఉత్తరం. 1862 ఆగస్టులో రాసిన మాట నిజం, ఒక్క బానిసని కూడా విడిపించకుండా యూనియన్‌ని, అంటే దేశం ముక్కలు కాకుండా, కాపాడగలిగితే అలాగే చేస్తా అన్నాడు. కానీ అంతకు నెల ముందే, జులై 22న, విముక్తి ప్రకటన డ్రాఫ్ట్ తన కేబినెట్‌కి చదివి వినిపించాడు, ఫార్వర్డ్‌లో ఆ ముక్క లేదు. పైగా నార్త్ మొదట ఎందుకు యుద్ధానికి దిగింది అన్నది వేరు, సౌత్ ఎందుకు విడిపోయింది అన్నది వేరు, ఈ రెంటినీ కలిపేస్తున్నారు. లింకన్ ఎలక్షన్‌లో చెప్పింది కొత్త ప్రాంతాలకి బానిసత్వం పాకనివ్వను అని మాత్రమే, ఉన్నచోట దాని జోలికి రానన్నాడు. అదీ వాళ్లకి సహించలేదు.

1860 డిసెంబర్ 22న లింకన్ తన పాత స్నేహితుడు, మన జార్జియా నాయకుడే, అలెగ్జాండర్ స్టీఫెన్స్‌కి ఉత్తరం రాశాడు. మీరు బానిసత్వం రైటు, అది పెరగాలి అంటున్నారు, మేము అది తప్పు, దాన్ని కట్టడి చేయాలి అంటున్నాం, మన మధ్య చిక్కంతా ఇదే అని. మూడు నెలలకి, 1861 మార్చి 21న, ఆ స్టీఫెన్సే, విడిపోయిన రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీ వైస్ ప్రెసిడెంట్‌గా సవానాలో నిలబడి మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి ఏంటో చెప్పాడు: నల్లవాడు తెల్లవాడితో సమానం కాదు, బానిసగా ఉండటమే అతని సహజ స్థితి అని.