ప్లాంటేషన్ అంటే బంగళా ఒక్కటే కాదు: లూసియానా యాత్ర గురించి తిరుగుతున్న సలహాకు జవాబు

న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నామని చెప్పగానే అమెరికాలోని మనవాళ్ల దగ్గర్నుంచి ఒక సలహా వస్తుంది. గ్రూపుల్లో మాటలు కాస్త మారినా సారాంశం ఇదే: “మిసిసిపి ఒడ్డున పాత ప్లాంటేషన్ బంగళాలున్నాయి, మన జమీందారుల ఇళ్లలాంటివే. ఇల్లు చూస్తే చాలు, వెనక ఏమీ ఉండదు. అన్నీ అప్పటి అసలు కట్టడాలే. బానిసల గురించి రికార్డులు లేవు కాబట్టి గైడ్లు యజమానుల కథే చెబుతారు. వీలైతే పాత క్యాబిన్‌లో ఒక రాత్రి ఉండండి, అసలైన అనుభవం. పొద్దున్నే బయల్దేరితే రోజులో నాలుగు చూసెయ్యొచ్చు.” నది ఒడ్డున ఉన్నాయన్న మాట తప్ప ఇందులో ఏదీ నిలబడదు. దీన్ని నమ్మి వెళ్తే టికెట్ డబ్బులు పెట్టి కుర్చీలు, మంచాలు చూసి రావడమే అవుతుంది.

“ఇల్లు చూస్తే చాలు” అన్నది వీటిలో పెద్ద తప్పు. లూసియానా ప్లాంటేషన్ పొలమూ ఫ్యాక్టరీ కలిసిన చోటు, బంగళా దాని ముందు భాగం మాత్రమే. మొదట్లో నీలిమందు పండించేవాళ్లు. 1795లో ఎత్యెన్ ద బొరే అనే ప్లాంటేషన్ యజమాని చెరుకు రసం నుంచి లాభసాటిగా పంచదార తీశాక అందరూ చెరుకు వైపు తిరిగారు. అక్కడ గడ్డకట్టే చలి వస్తే పొలంలో ఉన్న చెరుకు చెడిపోతుంది, నరికినదాన్ని నిల్వ పెడితే పులుస్తుంది. అందుకే అక్టోబర్‌లో మొదలైన గానుగ పని ముగిసేదాకా మిల్లు రాత్రింబవళ్లు తిరగాల్సిందే. మనుషులతో రోజుకు 16, 18 గంటలు చేయించేవాళ్లు.

ఏ ఎస్టేట్‌కు వెళ్లినా తోటలో ఒక పెద్ద గుండ్రటి ఇనుప పెనం కనిపిస్తుంది. చాలాచోట్ల తామరలు పెంచి గానీ ఫౌంటెన్‌గా మార్చి గానీ ఉంచుతారు. అందరూ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, కానీ ఆగాల్సింది అక్కడే. ఇలాంటివి నాలుగైదు ఒకే పొయ్యి మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా దించేవాళ్లు. అన్నిటికన్నా పెద్దది గ్రాండ్. అది మంటకు దూరంగా, పొగగొట్టం వైపు ఉండేది. అందులో సున్నం కలిపి పైకి తేలిన తెట్టు తీసేవాళ్లు. ఆ తర్వాత ఫ్లాంబో, సిరో, చివరికి సరిగ్గా మంట మీద అన్నిటికన్నా చిన్నది, బాటరీ. సలసల కాగే రసాన్ని పొడుగు కాడల గరిటెలతో ఒక పెనంలోంచి ఇంకోదాంట్లోకి మనుషులే తోడిపోయాలి. బాటరీలో పాకం పదునుకు వచ్చిన క్షణంలో తీయకపోతే మాడిపోతుంది. నిద్రలేని మనిషి చెయ్యి తడబడితే ఒంటి మీద పడేది చర్మానికి అతుక్కునే పాకం. గానుగ రోలర్ల మధ్య చేతులు పోగొట్టుకున్నవాళ్లు వేరే. ఈ పెనాల వరసకు బదులు ఆవిరితో, తక్కువ ఒత్తిడిలో రసాన్ని మరిగించే యంత్రాన్ని కనిపెట్టి 1843లో పేటెంట్ తీసుకున్న నోర్బెర్ట్ రిల్యూ న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నల్లజాతి సంతతివాడే. ఇవేవీ బంగళా హాల్లో తెలిసేవి కావు.

జమీందారుల ఇళ్లతో పోలిక కూడా ఇక్కడే చెడుతుంది. శిస్తు కట్టే రైతు వేరు, వయసు రాసి ధర కట్టి ఆస్తి జాబితాలో ఎక్కించిన మనిషి వేరు. 1860 జనాభా లెక్కల నాటికి లూసియానాలో 3,31,726 మంది బానిసలుగా ఉన్నారు, అంటే రాష్ట్ర జనాభాలో దాదాపు సగం. చెరుకు పండే ప్రాంతాల్లో వాళ్లలో పుట్టుకల కన్నా చావులే ఎక్కువ. ఆ లోటును కొత్తవాళ్లను కొని పూడ్చేవాళ్లు. “యజమానులు సొంత మనుషుల్లా చూసుకునేవారు” అని ఏ గైడైనా అంటే 1811 జనవరి 8న ఇదే నది ఒడ్డున చార్ల్స్ డెలాండ్ నాయకత్వంలో జరిగిన తిరుగుబాటు గురించి అడగండి. దాన్ని అణిచాక చనిపోయిన తిరుగుబాటుదారుల తలలను నది కట్ట పొడవునా కర్రలకు గుచ్చి నిలబెట్టారు.

“అన్నీ అసలు కట్టడాలే” అన్నదానికి జవాబు చిన్నదే. న్యూ ఆర్లీన్స్ దగ్గరున్న ఓక్ అలీ ప్లాంటేషన్‌లో బంగళా 1839 నాటిదే, కానీ వెనక వరసలో కనిపించే బానిసల క్యాబిన్లు ఈ మధ్య కట్టిన నమూనాలు. ఆ దగ్గర్లోని విట్నీ ప్లాంటేషన్‌లో ఉన్న చర్చిని వేరేచోటు నుంచి తెచ్చి నిలబెట్టారు. సౌత్ కరోలినా రాష్ట్రంలోని బూన్ హాల్ ప్లాంటేషన్‌లో అందరూ ఫొటో దిగే బంగళా 1936లో కట్టింది, దారి పక్కన ఉన్న తొమ్మిది ఇటుక క్యాబిన్లే దానికన్నా పాతవి. లూసియానాలో 1859లో పూర్తయిన నాటోవే బంగళా హోటల్‌గా నడుస్తూ 2025 మే 15న కాలిపోయింది, పాత సలహాల్లో దాని పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. నమూనా కట్టడం తప్పు కాదు. ఫలానాది నమూనా అని చెప్పారా లేదా అన్నదే చూడాలి.

రికార్డులు లేవన్న మాట విన్నప్పుడు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే లూసియానాలో అవి బోలెడున్నాయి. ఫ్రెంచ్, స్పానిష్ పాలనలో అమ్మకాలు, వారసత్వ పంపకాలు నోటరీల దగ్గర రాయించేవాళ్లు. పేరు, వయసు, వచ్చిన పని, కొన్నిసార్లు ఆఫ్రికాలో ఏ జాతివాళ్లో కూడా వాటిలో ఉంటాయి. చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ వాటిని ఏళ్ల తరబడి తవ్వి ఒక్కచోట చేర్చారు. ఆమె పేరుతోనే విట్నీలో 1,07,000 మంది బానిసల పేర్లు చెక్కిన గోడలున్నాయి. ఓక్ అలీలో తోటమాలిగా ఉన్న ఆంత్వాన్ అనే బానిస 1846-47 చలికాలంలో పెకాన్ అనే గింజల చెట్లకు అంటు కట్టాడు. ఆ రకమే 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి అందుకుని సెంటెనియల్ అన్న పేరు తెచ్చుకుంది. అతని పేరు ఎత్తకుండా బంగళా ముందున్న 28 ఓక్ చెట్ల గురించే చెప్పి ముగించే టూర్ అరకొర టూరే.

ఉన్న రికార్డును వదిలి లేని కథ చెప్పేచోట్లూ ఉన్నాయి. సెయింట్ ఫ్రాన్సిస్‌విల్‌లోని మర్టిల్స్ అనే ప్లాంటేషన్ బంగళాలో విషం కలిపిన కేకుతో యజమాని కుటుంబాన్ని చంపిన క్లోయి అనే బానిస దెయ్యం గురించి వింటారు. క్లోయి అనే మనిషి ఉన్నట్టు ఏ పత్రంలోనూ లేదు, యజమాని భార్య 1823లో చనిపోయింది ఎల్లో ఫీవర్‌తో.

ఇక క్యాబిన్‌లో బస. 1830ల నాటి బానిసల క్యాబిన్ అని చెప్పి మిసిసిపి రాష్ట్రంలో అద్దెకు పెట్టిన గది మీద గొడవ రేగాక, 2022 ఆగస్టులో ఆన్‌లైన్‌లో బసలు బుక్ చేసే ఎయిర్‌బీఎన్‌బీ అమెరికాలో బానిసల నివాసాలున్న బసలను తొలగిస్తామని ప్రకటించింది. ఆ నిర్ణయం ఆ ఒక్క కంపెనీకే వర్తిస్తుంది. ఎస్టేట్‌లో నేరుగా బుక్ చేసుకుంటే కనుక్కోవాల్సింది మీరే. “బానిసల ఇళ్లను కాపాడాలని పనిచేసే జోసెఫ్ మెక్‌గిల్ కూడా అలాంటి ఇళ్లలో పడుకున్నాడు కదా” అని కొందరు అంటారు. ఆయన 2010 నుంచి ఆ ఇళ్లను కూలిపోకుండా కాపాడమని అడగడానికి వాటిలో నిద్ర చేస్తున్నాడు. ఏసీ, జకూజీ పెట్టి రాత్రికింత అని అద్దెకివ్వడం దానికి పూర్తిగా విరుద్ధం. మా అభిప్రాయంలో ఆ గదులు చూడాల్సినవే గానీ పడుకోవాల్సినవి కావు.

బుక్ చేసే ముందు మెయిల్‌లో మూడు విషయాలు అడగండి: ఈ కాటేజీ ఏ సంవత్సరంలో కట్టింది, అప్పట్లో ఇందులో ఎవరున్నారు, మొదటి నుంచీ ఇక్కడే ఉందా లేక తరలించి తెచ్చారా. జవాబు రాకపోతే ఫొటోలు చూడండి. ముందువైపు పక్కపక్కనే రెండు తలుపులు, మధ్యలో ఒకే పొగగొట్టం ఉంటే అది రెండు కుటుంబాలను చెరో గదిలో కుక్కిన ఇల్లయ్యే అవకాశం ఎక్కువ. బానిసత్వం రద్దయ్యాక కౌలు కూలీల కుటుంబాలు కూడా అలాంటి ఇళ్లలోనే బతికాయి. వేకరీలోని లారా ప్లాంటేషన్ క్యాబిన్లలో 1977 దాకా మనుషులున్నారు. ఎస్టేట్‌లోనే ఉండాలనుకుంటే ఈ చరిత్ర లేని కాటేజీ ఎంచుకోండి, లేదా న్యూ ఆర్లీన్స్‌లోనే దిగి పగలు వెళ్లి రండి.

రోజులో నాలుగు అసాధ్యం, రెండు చాలు. విట్నీ, లారా, ఓక్ అలీ మూడూ నదికి పడమటి ఒడ్డున, న్యూ ఆర్లీన్స్ నుంచి కారులో సుమారు గంట దూరంలో ఉన్నాయి. సిటీ బస్సులు అటు వెళ్లవు. కారు అద్దెకు తీసుకోవాలి, లేదా టూర్ బస్సు ఎక్కాలి. హౌమాస్ హౌస్ అనే ఇంకో ప్లాంటేషన్ అవతలి ఒడ్డున ఉంది. మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా వంతెన దాకా చుట్టి వెళ్లాలి, నాలుగు చూద్దామనుకున్న ప్లాన్లు చెడేది ఇక్కడే. పొద్దున విట్నీకి వెళ్లండి. అక్కడ చాలాసేపు ఎండలో నడవాలి కాబట్టి ఎండ ముదరక ముందే రెండు గంటలు కేటాయించండి. మంగళవారం మూసి ఉంటుంది, సెలవులు మారుతుంటాయి గనుక వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. భోజనం అయ్యాక లారాలో గైడ్‌తో కలిసి తిరగండి. వేసవిలో మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుములతో వాన పడుతుంది, గొడుగు, దోమల మందు కారులో ఉండాలి. ఇంకో రోజు చేతిలో ఉంటే రాష్ట్రం ఉత్తర భాగంలో నాకిటోష్ దగ్గరున్న కేన్ రివర్ క్రియోల్ జాతీయ పార్కుకు వెళ్లండి. అక్కడ ప్రవేశం ఉచితం, మాగ్నోలియా ప్లాంటేషన్‌లో ఇటుకలతో కట్టిన అసలు క్యాబిన్లను దగ్గరగా చూడొచ్చు.